52? 55? 58? – ఒక గాజుబిళ్ళ సైజు కథ

కెమెరా కొన్న నెలలోపే ప్రతివాళ్ళకీ వచ్చే సందేహం ఒకటుంది. "నా లెన్సుకి ఏ సైజు ఫిల్టరు కొనాలి?" మా ఆఫీసులో ఏడాదికి కనీసం నలుగురైనా నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. అడిగేవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు, పొద్దున లేస్తే డేటా టైపులతో, పాయింటర్లతో కుస్తీ పట్టేవాళ్ళే. అయినా సరే లెన్సు మీద 18-55 మి.మీ. అని కనపడగానే "ఓహో, అయితే 55 అన్నమాట" అని తీర్మానించేసి ఆర్డరు పెట్టేస్తారు. వారం తర్వాత ఫిల్టరు వస్తుంది. తిప్పుతారు, నొక్కుతారు, మళ్ళీ తిప్పుతారు. ఎక్కదు. అప్పుడొస్తారు నా దగ్గరికి.

జవాబు మాత్రం చాలా చిన్నది. లెన్సు ముందు అంచు మీద జాగ్రత్తగా చూడండి. సున్నా మీద ఏటవాలుగా గీత కొట్టినట్టు ఒక గుర్తు ఉంటుంది. పాత టెర్మినళ్ళలో సున్నాకీ ఇంగ్లీషు 'ఓ' అక్షరానికీ తేడా తెలియాలని గీత కొట్టేవాళ్ళు గదా, అచ్చం అలాగే ఉంటుంది. కానీ అది సున్నా కాదు, వ్యాసం గుర్తు. దాని పక్కనున్న అంకే మీ ఫిల్టరు సైజు. కొన్ని కంపెనీల మూతల లోపలివైపు కూడా ఇదే అంకె అచ్చు వేసి ఉంటుంది. 18-55 అనేది ఫోకల్ లెంగ్త్. దానికీ ఫిల్టరు సైజుకీ నేరుగా సంబంధం లేదు. నమ్మకపోతే ఈ లెక్క చూడండి. పాత నికాన్ 18-55కి ఫిల్టరు సైజు 52. అదే నికాన్ తర్వాత తెచ్చిన ఏఎఫ్-పీ రకం 18-55కి 55. కెనాన్ ఈఎఫ్-ఎస్ 18-55కి 58. సోనీ ఈ-మౌంట్ 18-55కి 49. లెన్సు మీద ఫోకల్ లెంగ్త్ ఒక్కటే, ఫిల్టరు సైజులు నాలుగు!

ఇక్కడితో ఆపేస్తే సరిపోతుంది. కానీ నన్ను ఎప్పట్నించో తొలుస్తున్న ప్రశ్న వేరే ఉంది. రైలు పట్టాలకి కొలత ఉంది, కాగితానికి ఏ4 ఉంది, మన ప్రోటోకాల్స్‌కి బోలెడు డాక్యుమెంట్లున్నాయి. మరి ఈ గుండ్రటి గాజుముక్కకి ఇన్ని సైజులు ఎందుకొచ్చాయి? ఎవరు పెట్టారు? దానివల్ల ఎవరు నష్టపోయారు? ఈ కథ చెప్పాలంటే ముందు ఫిల్టరు ఎందుకు పుట్టిందో చెప్పాలి. అది చెప్పాలంటే మా ఊరి ఆకాశం దగ్గరికి వెళ్ళాలి.

మాది అనంతపురం జిల్లా ఉరవకొండ. అనంతపురం నించి బళ్ళారి పోయే దారిలో, పాము పడగ విప్పినట్టుండే కొండ కింద ఉంటుంది ఊరు. ఉరగకొండే ఉరవకొండ అయిందని పెద్దవాళ్ళు చెప్తారు. మీకు మిల్లీమీటరు అంటే ఏం గుర్తొస్తుందో గానీ, మా వాళ్ళకి మొదట గుర్తొచ్చేది వాన. జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున 550 మి.మీ. అటూఇటూ. అదీ కాగితం మీద. నైరుతి రుతుపవనాలు నీళ్ళన్నీ పడమటి కనుమల దగ్గరే దింపేసుకుని ఒట్టి చేతుల్తో మా వైపొస్తాయి. మాకు మిగిలేది గాలి. ఆ గాలిని నమ్ముకునే ఇప్పుడు మా ప్రాంతమంతా గాలిమరలు నిలబెట్టారు. జూన్, జూలై నెలల్లో ఆకాశం నిండా మోడం పడుతుంది (మోడెం కాదండీ, మోడం! మబ్బు కమ్మడాన్ని మా సీమలో అట్లంటారు). చూడ్డానికి ఎంత బాగుంటుందో! పొద్దుగూకేలోపు ఆ మోడం కాస్తా తూర్పుకి కొట్టుకుపోతుంది. విత్తనం వెయ్యాలా, ఇంకో వారం ఆగాలా అని ఆ మోడం వంక చూస్తూ నిలబడ్డ వేరుశనగ రైతు మొహం చూస్తే తప్ప మా ఊరు అర్థం కాదు.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి ఊరిని ఫోటో తీస్తే ఆకాశం లేకుండా ఎలా? కానీ ఫోటోగ్రఫీ పుట్టిన మొదటి యాభై ఏళ్ళు జరిగింది అదే.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ ప్లేటు కనిపెట్టాడు. ఆ ప్లేటుకి నీలం, ఊదా, కంటికి కనపడని అతినీల కాంతి తప్ప మిగతా రంగులు దాదాపు తెలీవు. ఎరుపు, పసుపు దానికి చీకటితో సమానం. నీలి ఆకాశం, తెల్లటి మేఘం రెండూ దానికి ఒకే రకంగా ధగధగా మెరుస్తాయి. నేల సరిగ్గా పడేంతసేపు వెలుగు చూపించేసరికి ఆకాశం మొత్తం తెల్ల కాగితం అయిపోతుంది. మబ్బు ఉన్నా లేనట్టే. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850ల్లోనే దీనికి ఉపాయం పన్నాడు. సముద్రానికో నెగెటివు, ఆకాశానికో నెగెటివు తీసి రెండూ కలిపి ముద్రించాడు. ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా పనిచేసిన లినియస్ ట్రైప్ ఇంకో దారి పట్టాడు. ఆయన వాడింది కాగితం నెగెటివు, కానీ జబ్బు అదే. కుంచె తీసుకుని నెగెటివు మీదే మబ్బులు గీసేశాడు! ఫోటోషాప్ మన తరం కనిపెట్టిందనుకుంటున్నాం, చూశారా.

ఇదంతా సరదాగా ఉంటుంది, 1876 వచ్చేదాకా. 1876-78 మహాక్షామంలో అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. అనంతపురం జిల్లా 1882లో గానీ విడిగా ఏర్పడలేదు కాబట్టి, ఆ రోజుల్లో మా వైపంతా బళ్ళారి జిల్లాయే. విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో క్షామ బాధితులని ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల్లో మనుషుల పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అప్పటికి ఫోటోని నేరుగా పత్రికలో అచ్చువేసే వీలు లేదు, చెక్కిన బొమ్మలే వేసేవాళ్ళు. లండన్ 'గ్రాఫిక్' పత్రిక 1877 అక్టోబరులో బళ్ళారి జిల్లాలో మనుషులూ పశువులూ పడుతున్న అవస్థని అలాగే చెక్కిన బొమ్మగా వేసింది. అంటే ఆ క్షామానికి సంబంధించి మనకి మిగిలిన బొమ్మల్లో మనుషులున్నారు, ఎముకలున్నాయి, పశువులున్నాయి. ఆ మనుషులు రోజూ తలెత్తి చూసిన ఆకాశాన్ని పట్టుకునే ప్లేటు మాత్రం అప్పటికి లేదు. మోసం చేసి వెళ్ళిపోయిన మోడానికి సాక్ష్యం లేదు.

విచిత్రం ఏమిటంటే దీనికి మందు అప్పటికే కనిపెట్టేశారు. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్, ప్లేటులో కొంచెం రంగు కలిపితే ఆకుపచ్చ, పసుపు కూడా పడతాయని గమనించాడు. 1880లనించి అలాంటి ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు బజార్లోకొచ్చాయి. ఫిల్టరుకి అసలు పని మొదలైంది ఇక్కడే. పసుపు గాజు నీలాన్ని ఆపుతుంది. నీలం ఆగితే ఆకాశం నల్లబడుతుంది, తెల్ల మబ్బు తెల్లగా మిగులుతుంది. తడి ప్లేటు ముందు పసుపు గాజు పెడితే ఏమీ పడదు, ఎందుకంటే దానికి తెలిసిన ఒక్క రంగునే ఆపేశాం. కొత్త ప్లేటుకి ఇంకో రంగు తెలుసు కాబట్టి పసుపు గాజుకి అర్థం వచ్చింది. 1906లో లండన్ దగ్గర క్రాయిడన్‌లోని రాటెన్ అండ్ వైన్‌రైట్ కంపెనీ అన్ని రంగులూ చూసే పాంక్రొమాటిక్ ప్లేట్లు అమ్మడం మొదలుపెట్టింది. వాటితోపాటు రకరకాల రంగుల జెలటిన్ ఫిల్టర్లు తయారుచేసింది. 1912లో కొడాక్ ఆ కంపెనీని కొనేసింది, అందులో పనిచేసే కెన్నెత్ మీస్‌ని అమెరికా తీసుకెళ్ళి పరిశోధనశాల పెట్టించింది. రాటెన్ పేరు మాత్రం ఫిల్టర్ల మీద అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రాటెన్ ఫిల్టర్లకి తర్వాత నంబర్లు పెట్టారు. 8 అంటే పసుపు, 15 అంటే ముదురు పసుపు, 25 అంటే ఎరుపు. ఇవాళ్టికీ ఏ దుకాణంలో అడిగినా 25 అంటే ఎరుపే. అంటే ఫిల్టరు రంగు విషయంలో ప్రపంచమంతా ఒక మాట మీద నిలబడింది. సైజు విషయంలో మాత్రం నిలబడలేదు. ఎందుకని? రంగు నంబరు అమ్మేవాడు ఒక్కడే, మిగతావాళ్ళు వాడి వెనకాల నడిచారు. సైజు అలా కాదు. అది లెన్సు చేసేవాడి చేతిలో ఉంది. లెన్సు చేసేవాళ్ళు డజన్ల మంది, ఎవడి గొట్టం వాడిదే.

మొదట్లో అసలు మరలే లేవు. ఇత్తడి లెన్సు ముందు తోపుడు మూత. మూత తీస్తే ఎక్స్‌పోజరు, పెట్టేస్తే అయిపోయినట్టు. జెలటిన్ ఫిల్టరు పల్చటి చదరపు ముక్క, కత్తిరించి ఎలాగో అమర్చుకునేవాళ్ళు. తర్వాత లెన్సు మూతి మీద తోసే ఫిల్టర్లొచ్చాయి. లైకా పాత లెన్సులకి 36 మి.మీ. తోపుడు ఫిల్టరు. తర్వాతి వాటికి 39 మి.మీ. మర, అదీ అరమిల్లీమీటరు పిచ్‌తో. ఇప్పుడు ఎక్కువగా వాడే పిచ్ 0.75 మి.మీ. కాబట్టి సైజు కుదిరినా మర కుదరని రకం అది. జర్మనీ రోలైఫ్లెక్స్ వాళ్ళు మరలే వద్దని బయొనెట్ పెట్టారు. గుచ్చి చిన్నగా తిప్పితే పట్టుకుంటుంది. దాంట్లో మళ్ళీ ఒకటి, రెండు, మూడు అని రకరకాల సైజులు. అమెరికా వాళ్ళు కాస్త తెలివిగా 'సిరీస్' పద్ధతి తెచ్చారు. ఫిల్టరుకి మరే ఉండదు, ఒట్టి గుండ్రటి బిళ్ళ. సిరీస్ ఆరు అంటే 41.3 మి.మీ., ఏడు అంటే 50.8, ఎనిమిది అంటే 63.5. ఏ లెన్సుకి తగ్గ రింగు ఆ లెన్సుకి కొనుక్కుని, మధ్యలో అదే బిళ్ళని బిగించుకోవడం. మన భాషలో చెప్పాలంటే అడాప్టర్ ప్యాటర్న్ అన్నమాట :)

నవ్వకండి గానీ, ఈ సంగతి మా ఊళ్ళో ఎవరికైనా చెప్తే మీకన్నా తొందరగా అర్థమవుతుంది. ఉరవకొండలో పైపుల దుకాణం ముందు పది నిమిషాలు నిలబడండి. 63, 75, 90, 110 అని మిల్లీమీటర్లలో అడుగుతుంటారు. బోరు మాత్రం అంగుళాల్లో, ఆరున్నర బోరు. డ్రిప్పు గొట్టం 16. 2003లో రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం మొదలయ్యాక ఈ అంకెలు పిల్లలకి కూడా నోటికొచ్చేశాయి. 90 నించి 63కి దిగాలంటే ఏం కావాలి? రెడ్యూసరు. ఫిల్టరు దుకాణంలో దాన్నే స్టెప్ రింగు అంటారు. ఇంకో పోలిక కూడా ఉంది. పీవీసీ పైపు సైజు అంటే బయటి వ్యాసం. ఫిల్టరు సైజు కూడా దాని మర బయటి వ్యాసమే. 52 ఫిల్టరులో గాజు 52 ఉండదు, తక్కువే ఉంటుంది.

ఇప్పుడు నష్టపోయింది ఎవరో చెప్తాను. నా చిన్నప్పుడు మా ఊళ్ళో బస్టాండుకి దగ్గర్లో ఒక స్టూడియో ఉండేది. ఆ అన్న దగ్గర రెండు కళ్ళ యాషికా మాట్ కెమెరా ఉండేది. మెడలో వేలాడదీసుకుని పైనించి కిందికి చూస్తూ తీసేది. దానికి రోలై ఒకటో నంబరు బయొనెట్టే. చిన్న తోలుసంచిలో ఒక పసుపు ఫిల్టరు భద్రంగా పెట్టుకునేవాడు. "ఇది పెడితేనే మోడం పడేది, సూడు" అని నా కంటికి అడ్డంపెట్టి చూపించేవాడు. స్టూడియో గోడ మీద పెళ్ళికూతుళ్ళ ఫోటోల మధ్య ఒకే ఒక్క పొలం ఫోటో ఉండేది. ఎండిన చెనక్కాయ చేను, మీద నల్లటి ఆకాశంలో తెల్లటి మబ్బులు. కిందేమీ లేదు, పైన అన్నీ ఉన్నాయి. అంతకన్నా మా ఊరిని బాగా చూపించిన ఫోటో నేనింతవరకూ చూళ్ళేదు.

తర్వాత ఆయన బెంగుళూరు వెళ్ళి 35 మి.మీ. ఎస్ఎల్ఆర్ ఒకటి తెచ్చుకున్నాడు. కాలం అలా ఉంది, రోలుకి 12 ఫోటోలొచ్చే కెమెరాతో పెళ్ళిళ్ళు గిట్టుబాటు కావు. కొత్త లెన్సు 52 మర. పాత ఫిల్టరు బయొనెట్. రింగు వేసి ఎలాగో తగిలించినా లాభం లేదు, ఎందుకంటే ఆ బిళ్ళ చిన్నది. పెద్ద కంటికి చిన్న కళ్ళజోడు పెట్టినట్టు ఫోటో మూలలన్నీ నల్లగా పోతాయి. కొత్త పసుపు ఫిల్టరు కోసం మళ్ళీ బెంగుళూరు పోవాలి. "ఇంకోటి తెచ్చుకో అన్నా" అని అడిగితే, "పెండ్లిలో మోడం ఏంటికప్పా?" అన్నాడు. నిజమే, ఎవరు డబ్బులిస్తారు? ఇంకొన్నాళ్ళకి కలరు ఫిల్ములొచ్చేశాయి. దాంట్లో పసుపు గాజు పెడితే పెళ్ళికొడుక్కి కామెర్లొచ్చినట్టుంటుంది. ఈ మధ్యలో గడిచిన ఏడెనిమిదేళ్ళలో ఆయన ఆరుబయట తీసిన నలుపు తెలుపు ఫోటోలు కొన్ని చూశాను. ఆకాశం తెల్ల కాగితం. 1877 నాటి ప్లేటుకి మోడం కనపడకపోవడం రసాయనం తప్పు. ఈ ఫిల్ముకి అన్ని రంగులూ తెలుసు. అయినా మోడం సరిగా పడలేదంటే కారణం ఒక గాజుబిళ్ళ వ్యాసం.

అదే ఆయన మొదట్నించీ నికాన్ వాడి ఉంటే? 1959లో నికాన్ ఎఫ్ కెమెరా వచ్చినప్పుడు దాని 50 మి.మీ. ఎఫ్2 లెన్సుకి 52 మర పెట్టారు. అక్కడితో ఆగకుండా, వీలైనన్ని లెన్సులని అదే సైజులో ఇమిడ్చారు. 24 ఎఫ్2.8, 28 ఎఫ్2.8, 35 ఎఫ్2, 50 ఎఫ్1.4, 105 ఎఫ్2.5, 135 ఎఫ్2.8, 200 ఎఫ్4, అన్నిటికీ 52. అయిదారు లెన్సులున్నవాడికి కూడా ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక పోలరైజరు ఉంటే చాలు. ఒలింపస్ ఓఎం కెమెరాలు 1972లో వచ్చినప్పుడు వాళ్ళూ 49, 55 అని రెండు సైజులతో చాలావరకు సర్దుకొచ్చారు. మనం ఒక ఏపీఐ విడుదల చేసి పదేళ్ళ తర్వాత కూడా పాత కోడు పగలకుండా చూసుకుంటే ఎంత కష్టమో మీకు తెలుసు. ఇదీ అలాంటి మాటే. పాతికేళ్ళ కింద కొన్న గాజు ఇవాళ కొన్న లెన్సుకి పట్టాలంటే, ప్రతి కొత్త డిజైను దగ్గరా ఎవరో ఒకరు "52 దాటొద్దు" అని పట్టుబట్టి ఉండాలి.

మరి ఆ మాట ఎందుకు చెదిరింది? కంపెనీల దురాశ అని తీసిపారేయకండి, కొంత భౌతికశాస్త్రం ఉంది. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగించండి. వెలుతురు లోపలికి రావడానికి కనీసం అంత వెడల్పు దారి కావాలి. 50ని 1.4తో భాగిస్తే 35.7. హాయిగా 52లో పడుతుంది. 135ని 2.8తో భాగిస్తే 48.2, సరిపోతుంది. 200ని 4తో భాగిస్తే సరిగ్గా 50, గీసి గీసి సరిపోతుంది. 200ని 2.8తో భాగిస్తే? 71.4. దేవుడు దిగొచ్చినా 52లో పట్టదు. అందుకే 70-200 ఎఫ్2.8 జూములు 77కి వెళ్ళాయి. చాలాకాలం నికాన్, కెనాన్ రెండూ తమ ఖరీదైన జూములకి 77నే వాడుతూ వచ్చాయి, ప్రొఫెషనల్స్‌కి అది రెండో 52 అయింది. ఆ తర్వాత 24-70 ఎఫ్2.8 లాంటివి 82కి పెరిగాయి. 300 ఎఫ్2.8కి లెక్క కడితే 107 వస్తుంది, అంత పెద్ద ఫిల్టరు ఎవడు కొంటాడు? అందుకని అలాంటి లెన్సులకి వెనకవైపు చిన్న సొరుగు పెట్టి అందులో బుల్లి ఫిల్టరు దూర్చారు. ఆ బుల్లి ఫిల్టరు సైజు చాలా నికాన్, కెనాన్ లెన్సుల్లో ఎంతనుకున్నారు? 52!

వైడ్ లెన్సులకి ఈ భాగహారం పనికిరాదు. 24ని 2.8తో భాగిస్తే 8.6 మాత్రమే, కానీ పక్కలనించి ఏటవాలుగా వచ్చే వెలుతురు కోసం ముందు గాజు పెద్దదిగా చెయ్యాలి. అందుకే లెక్క కట్టి ఫిల్టరు సైజు ఊహించకండి, రాసింది చదువుకోండి.

సినిమా వాళ్ళు మాత్రం ఈ తలనొప్పి ఎప్పుడో వదిలించుకున్నారు. లెన్సు ముందు మాట్ బాక్స్ అనే పెట్టె పెట్టి, అందులో చదరపు ఫిల్టర్లు దింపుతారు. లెన్సు మారినా గాజు మారదు. మా జిల్లా తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డిగారు తీసిన మాయాబజార్ (1957)లో మార్కస్ బార్ట్లే కెమెరా పట్టిన వెన్నెల గురించి మనం ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. ఆ నలుపు తెలుపు రోజుల్లో మిట్టమధ్యాహ్నం ఎర్ర ఫిల్టరు పెట్టి, ఎక్స్‌పోజరు తగ్గించి రాత్రిలా చూపించడం ప్రపంచమంతా వాడిన పద్ధతి. స్టిల్ కెమెరా వాళ్ళకి ఈ చదరం పద్ధతిని 1978లో ఫ్రాన్సుకి చెందిన కొకాన్ కంపెనీ బాగా ప్రచారంలోకి తెచ్చింది. గుండ్రం సైజుల గొడవకి విసిగిపోయినవాళ్ళు ఇప్పటికీ అటు వెళ్తుంటారు.

సరే, ఇంత చదివినందుకు పనికొచ్చే సంగతులు కొన్ని చెప్పుకుందాం. లెన్సు మీద అంకె చెరిగిపోయి ఉంటే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. లేత్ మిషను ఉన్న ఏ షాపులోనైనా ఉంటుంది. ముందు రింగు బయటి అంచు కొలవకండి, అది ఫిల్టరు సైజు కన్నా కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువొస్తుంది. లోపలి మర దగ్గర కొలిస్తే కొంచెం తక్కువొస్తుంది, ఎందుకంటే కాలిపర్ తగిలేది మర గట్ల మధ్య. అలా 51 చిల్లర వస్తే అది 52. ఆపైన చేతికి దొరికిన 52 మూత ఒకటి పెట్టి చూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

రెండు మూడు లెన్సులుంటే అన్నిట్లోకీ పెద్ద సైజు చూసి దానికి ఫిల్టరు కొనండి. మిగతావాటికి స్టెప్-అప్ రింగులు వేసుకోండి. రింగు మీద 52-77 అని ఉంటే మొదటి అంకె లెన్సు వైపు, రెండోది ఫిల్టరు వైపు. ఫిల్టరు ధరలో రింగు ధర పిసరంత. దీన్ని తిరగేసి, పెద్ద లెన్సుకి చిన్న ఫిల్టరు పెట్టే స్టెప్-డౌన్ జోలికి మాత్రం పోకండి, మా స్టూడియో అన్న బిళ్ళ గతే, మూలలు నల్లబడతాయి. రింగు వేస్తే లెన్సు హుడ్ పట్టకపోవచ్చు, అదొక్కటే ఇబ్బంది. 95 లాంటి పెద్ద సైజుల్లో మర పిచ్ 1 మి.మీ. ఉండే రకాలున్నాయి, అది కూడా చూసుకోండి. ముందు గాజు బుడిపెలా బయటికి పొడుచుకొచ్చిన అల్ట్రావైడ్ లెన్సులు కొన్నిటికి ముందువైపు మరే ఉండదు, వెతికి లాభం లేదు.

ఇంతకీ ఏ ఫిల్టరు కొనాలి? పసుపు, ఎరుపు పనులు ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తుంది. కలరు ఫోటోని నలుపు తెలుపు చేసేటప్పుడు నీలాన్ని తగ్గించండి, రాటెన్ 25 మీ కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. రంగు సరిదిద్దే ఫిల్టర్ల పని వైట్ బ్యాలెన్స్ చేసేస్తోంది. కానీ పోలరైజరు పని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా చెయ్యలేదు. వెలుతురు ఏ దిశలో కంపిస్తోందన్న సమాచారం మామూలు సెన్సరు రాసుకోదు, రాసుకోని డేటాని తర్వాత ఎక్కణ్ణించి తెస్తాం? సూర్యుడికి లంబంగా ఉన్న ఆకాశం వైపు తిరిగి పోలరైజరు తిప్పి చూడండి, మబ్బు ఎలా పైకి తేలుతుందో! ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌లకి సర్క్యులర్ రకం అడగండి. మా ఊరి లాంటి దుమ్ము, గాలి ఉన్నచోట మామూలు పారదర్శక ఫిల్టరు కూడా దండగ కాదు, ఇసుక లెన్సు మీద పడేకన్నా దాని మీద పడితే నయం.

ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోండి. ముదురు ఎరుపు ఫిల్టరుకి గానీ, దాని పని చేసే సాఫ్ట్‌వేరుకి గానీ ఒట్టి పేలమబ్బుని తుఫాను మేఘంలా చూపించే శక్తి ఉంది. మాయాబజార్‌లో వెన్నెల కల్పితమైతే మనకి ఆనందమే, అది కథ. కానీ 2003 తర్వాత కొన్నేళ్ళపాటు మా జిల్లా మీద ప్రభుత్వం విమానాలతో మేఘమథనం చేయించింది. ఏ మబ్బులో నీళ్ళున్నాయో, దేంట్లో లేవో కనుక్కోవడానికి అంత ఖర్చయ్యే చోట, లేని వానని ఫోటోలో చూపిస్తే అది అబద్ధం. ట్రైప్ కుంచెతో గీసిన మబ్బుకీ దానికీ పెద్ద తేడా లేదు. మబ్బు ఉన్నంత చూపిస్తే చాలు.

అదండీ సంగతి. ఇంకో మాట కూడా చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో, మీ నాన్నగారిదో మామయ్యదో పాత ఎస్ఎల్ఆర్ ఉంటే ఓసారి దాని ఫిల్టరు విప్పి అంచు మీద అంకె చూడండి. 52 గానీ 49 గానీ ఉంటే పారెయ్యకండి, ఇప్పటి 50 మి.మీ. లెన్సులు కొన్నిటికి అవే సైజులు. తుడిచి బిగిస్తే నలభై ఏళ్ళ నాటి గాజు ఇవాళ్టి కెమెరా మీద కూర్చుంటుంది. బయొనెట్ అయితే మాత్రం దాన్ని గుర్తుగా దాచుకోవాల్సిందే.